దూరం పెరిగింది... గంటలు తగ్గాయి!

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం? 12,400 కిలోమీటర్లని ఒకరంటారు. 13,900 అని ఇంకొకరు, 15,300 అని మరొకరు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు! మరి, ఎన్ని గంటల ప్రయాణం అంటారా... వీటిలో అన్నిటికన్నా పొడవైన దారిన వెళ్లి అన్నిటికన్నా ముందు చేరిన విమానం ఉంది. గాలి, కొండ, సరిహద్దు కలిసి వేసే ఆ చిత్రమైన లెక్కే ఇది.

చలికాలం. రాత్రి తొమ్మిది గంటలు. తెనాలిలో ఓ ఇంట్లో పెద్దాయన కన్నుమూశారు. కాసేపటికి ఫ్రీజర్‌ బాక్సు వచ్చింది. వాకిట్లో కుర్చీలు వేశారు. వచ్చినవాళ్లంతా గొంతు తగ్గించి అడుగుతున్నది ఒకటే... ‘పెద్దబ్బాయి ఎప్పటికొస్తాడట?’

పెద్దబ్బాయి ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర. అక్కడప్పుడు ఉదయం ఏడున్నర. ఫోను పెట్టేసి టికెట్‌ వెతుక్కుని, ఉన్న బట్టలతోనే విమానాశ్రయానికి పరుగెత్తితే మధ్యాహ్నం మూడున్నరకు దుబాయ్‌ విమానం దొరికిందనుకుందాం. అప్పటికి తెనాలిలో తెల్లవారుజామున అయిదు. దుబాయ్‌కి దాదాపు 16 గంటలు. అక్కడ మూడున్నర గంటలు కాచుకుని ఇంకో విమానం ఎక్కితే హైదరాబాద్‌కి మరో మూడున్నర గంటలు. దిగి, తనిఖీలు ముగించుకుని, కారెక్కి తెనాలి చేరేసరికి ఉదయం పది దాటుతుంది. తండ్రి పోయిన మర్నాడు కాదు, ఆ మూడోరోజు! ఫోను మోగిన క్షణం నుంచి లెక్కేస్తే 37 గంటలు.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వేసుకోక తప్పని లెక్క. పురుడుకి వెళ్లే అమ్మమ్మయినా, పెళ్లికి పదిరోజుల సెలవు మీద వచ్చే కొడుకైనా ‘ఎన్ని కిలోమీటర్లు’ అని అడగరు. ‘ఎన్ని గంటలు’ అనే అడుగుతారు. ఆ గంటల్ని నిర్ణయించేది మాత్రం దూరం ఒక్కటే కాదు.

దారం చెప్పే దూరం

బడిలో గోడకు వేలాడే ప్రపంచపటాన్ని గుర్తుచేసుకోండి. భారతదేశం నుంచి కాలిఫోర్నియాకి స్కేలుపెట్టి గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్‌ల మీదుగా పడమటికి సాగుతుంది. ‘విమానం ఇలాగే వెళ్తుంది’ అనుకుంటాం. కానీ భూమి కాగితంలా పరిచి లేదు, బంతిలా ఉంది. అందుకే పటాన్ని పక్కన పెట్టి పిల్లల బల్ల మీదుండే గ్లోబు తీసుకోండి. ఓ దారం ముక్కని ఢిల్లీ దగ్గర ఒక వేలితోనూ శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఇంకో వేలితోనూ నొక్కిపట్టి గట్టిగా లాగండి. అది పడమటికీ పోదు, తూర్పుకీ పోదు. ఇంచుమించు ఉత్తరానికి లేస్తుంది! హిమాలయాలు దాటి, చైనాలోని షింజియాంగ్‌, సైబీరియా, ఆర్కిటిక్‌ సముద్రం, అలాస్కాల మీదుగా కాలిఫోర్నియాలో దిగుతుంది. గోళం మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి అదే. దాని పొడవే 12,400 కిలోమీటర్లు.

హైదరాబాద్‌ నుంచి అదే దారాన్ని లాగితే సుమారు 13,500 కిలోమీటర్లు. బెంగళూరు నుంచయితే 14,000. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఏ ఊరికైనా దూరపు చుట్టం 20,000 కిలోమీటర్లకు మించి ఉండటం కుదరదు. ఆ కొలతన చూస్తే హైదరాబాద్‌కీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ మధ్య ఉన్నది ఉండగలిగిన దూరంలో మూడింట రెండొంతులు.

గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 12,400 కిలోమీటర్లని పద్నాలుగు గంటల్లోపే ముగించాలి. మరి అన్నిసార్లూ అలా ఎందుకు జరగదు? దారం దారినే విమానం వెళ్లదు కనుక.

అడ్డుగా ఓ ఎత్తైన గోడ

మొదటి అడ్డంకి ఢిల్లీ దాటగానే ఎదురవుతుంది. అవే హిమాలయాలు, వాటి వెనకే టిబెట్‌ పీఠభూమి. విమానం ఎగిరేది పదీ పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో. ఎవరెస్టు కూడా తొమ్మిది కిలోమీటర్లకు లోపే. పైనుంచి హాయిగా దాటొచ్చు కదా అనిపిస్తుంది. దాటొచ్చు, అంతా సవ్యంగా ఉన్నంతసేపూ.

విమానం లోపలి గాలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే సీటు పైనుంచి ఆక్సిజన్‌ మాస్కులు జారతాయి. వాటిలో ప్రాణవాయువు వచ్చేది సుమారు 12 నుంచి 20 నిమిషాలే. ఆలోపు పైలట్‌ విమానాన్ని 10,000 అడుగులకు, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దించాలి. అక్కడైతే మామూలుగా ఊపిరి పీల్చుకోవచ్చు. మరి టిబెట్‌ నేల సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు! దిగడానికి చోటేదీ? అందుకే సాధారణంగా దూరప్రయాణపు విమానాలు ఆ పీఠభూమిని తప్పించుకుని వెళ్తాయి.

కాబట్టి ఢిల్లీ నుంచి కాలిఫోర్నియాకి మిగిలినవి రెండు దారులు. పడమటివైపు మొగ్గి పాకిస్తాన్‌, మధ్య ఆసియా, యూరప్‌, అట్లాంటిక్‌ మీదుగా వెళ్లడం ఒకటి. తూర్పుకు తిరిగి మయన్మార్‌, చైనా, జపాన్‌, పసిఫిక్‌ మీదుగా వెళ్లడం రెండోది.

వాలుగాలికి తెరచాప

ఎయిరిండియా 2015 డిసెంబరులో ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టినప్పుడు పడమటి దారినే ఎంచుకుంది. సుమారు 13,900 కిలోమీటర్లు. పట్టే సమయం పదహారు గంటలకు పైనే. 2016 అక్టోబరులో అదే విమానాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్‌ మీదుగా నడిపారు. దూరం 15,300 కిలోమీటర్లయింది. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. హైదరాబాద్‌ నుంచి ఢిల్లీకి వెళ్లే దూరం కన్నా ఎక్కువ అదనంగా ఎగరాలన్నమాట! తీరా చూస్తే ఆ విమానం పద్నాలుగున్నర గంటల్లోనే దిగింది. ఆ రోజుకి ప్రపంచంలో ఎక్కడా ఆగకుండా అత్యధిక దూరం ఎగిరే ప్రయాణికుల విమానం అదే.

ఇందులో మంత్రమేమీ లేదు. గోదావరి మీద తెరచాప పడవ నడిపినవారిని అడిగితే చిటికెలో చెబుతారు... వాలుగాలి! పడమటి దారిలో విమానానికి సగటున గంటకు 24 కిలోమీటర్ల ఎదురుగాలి తగులుతోందనీ తూర్పు దారిలో 138 కిలోమీటర్ల వాలుగాలి తోస్తోందనీ అప్పట్లో లెక్కగట్టారు. గాలిలో విమానం వేగం 900 కిలోమీటర్లు అనుకుందాం. ఎదురుగాలి ఉంటే నేల మీద అది కదిలేది 876 కిలోమీటర్లే. 13,900 కిలోమీటర్లకు దాదాపు 16 గంటలు కావాలి. వాలుగాలి తోడైతే వేగం 1,038 అవుతుంది. అప్పుడు 15,300 కిలోమీటర్లకు పద్నాలుగు గంటల నలభై అయిదు నిమిషాలు చాలు. ఇంజిను అదే, పైలటూ అదే. గాలి మాత్రమే మారింది.

2017 ఫిబ్రవరి నెలాఖరున ఇదే దారిలో మరో విశేషం జరిగింది. అందరూ మహిళలే సిబ్బందిగా ఢిల్లీలో బయల్దేరిన విమానం పసిఫిక్‌ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు అట్లాంటిక్‌ మీదుగా మార్చి 3న ఢిల్లీ చేరింది. వెళ్లిరావడంలోనే భూమిని ఓ చుట్టు చుట్టేశారన్నమాట. అటు వెళ్లేటప్పుడూ తూర్పుకే, వచ్చేటప్పుడూ తూర్పుకే!

ఆకాశంలో ఓ నది

ఎప్పుడూ తూర్పు వైపే ఎందుకు? తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి గాలి నదిలా పారుతుంటుంది. దాన్నే జెట్‌ స్ట్రీమ్‌ అంటారు. ఉత్తరాన చల్లగాలికీ దక్షిణాన వేడిగాలికీ ఉన్న తేడా దాన్ని పుట్టిస్తుంది. భూభ్రమణం తూర్పుకు మళ్లిస్తుంది. జపాన్‌కు చెందిన వాతావరణ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి 1920ల్లోనే బెలూన్లు ఎగరేసి దీని ఆచూకీ పట్టాడు. అందరికీ తెలియాలని ఆ ఫలితాల్ని ఎస్పరాంటో భాషలో అచ్చువేయించాడు. పాపం, బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో అంత ఎత్తుకు ఎగిరిన అమెరికన్‌ బాంబర్లు జపాన్‌ మీద ఈ గాలి దెబ్బ రుచి చూశాకే దాని సంగతి లోకానికి బాగా తెలిసింది.

ఈ నది ఉరకలేస్తే ఏమవుతుందో 2020 ఫిబ్రవరిలో తెలిసింది. న్యూయార్క్‌ నుంచి లండన్‌ వెళ్లిన బ్రిటిష్‌ ఎయిర్‌వేస్‌ జంబోజెట్‌ 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది. తుపానుగాలి తోడై నేల మీద దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అదే గాలికి ఎదురెళ్లే విమానాలకు మాత్రం ఏటికి ఎదురీదినట్టే.

ఏడాది పొడవునా ఈ గాలి ఒకేలా ఉండదు. చలికాలంలో బలంగా, కాస్త దక్షిణంగా వీస్తుంది. వేసవిలో నెమ్మదించి ఉత్తరానికి జరుగుతుంది. అందుకే ఒకే విమానం టికెట్‌ మీద జనవరిలో ఒక సమయం, జూన్‌లో మరో సమయం కనిపిస్తుంది. ప్రతి ప్రయాణానికీ ముందు ఆరోజు గాలుల్ని చూసి కొత్తగా దారి గీస్తారు. నిన్న వెళ్లిన గీత మీదే ఇవాళా వెళ్తుందన్న నమ్మకం లేదు.

జనవరి 10 ఎక్కడికి పోయింది?

దారానికి దగ్గరగా వెళ్లిన విమానమూ ఉంది. 2021 జనవరి 9 రాత్రి ఎనిమిదిన్నరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన ఎయిరిండియా బోయింగ్‌ 777 ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు వచ్చింది. కెప్టెన్లు జోయా అగర్వాల్‌, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరె, శివానీ మన్హాస్‌... కాక్‌పిట్‌లో ఉన్నది నలుగురూ మహిళలే. పదిహేడు గంటలకు పైగా ఎగిరి 11వ తేదీ తెల్లవారుజామున దిగారు.

మరి, 10వ తేదీ? అది దాదాపుగా గాలిలోనే గడిచిపోయింది. చలికాలంలో కాలిఫోర్నియా మనకన్నా పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ 9 రాత్రి ఎనిమిదిన్నర అంటే మనకు అప్పటికే 10 ఉదయం పది. ఇటు నుంచి వెళ్లేవారికి దీనికి తలకిందులు. ఢిల్లీలో తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కినవారు పదిహేనున్నర గంటలు ప్రయాణించి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగితే అక్కడ గడియారం ఆ రోజే ఉదయం ఆరు చూపిస్తుంది. టికెట్‌ చూసిన తాతయ్య ‘రెండు గంటల ప్రయాణమేనా?’ అని ముచ్చటపడితే ఆయన తప్పేం లేదు.

ధ్రువం దారి దగ్గరిదే కానీ దానికి చాలా షరతులున్నాయి. అక్కడ బయటి చలి ఒక్కోసారి మైనస్‌ 70 డిగ్రీలకూ పోతుంది. విమానాల్లో వాడే ఇంధనం మైనస్‌ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. కాబట్టి ట్యాంకులోని ఉష్ణోగ్రతను కనిపెట్టుకుని ఉండాలి. పడిపోతుంటే కిందికి దిగడమో వేగం పెంచడమో చేయాలి. అయస్కాంత దిక్సూచి పనిచేయదు. అత్యవసరంగా దిగాల్సి వస్తే తొడుక్కోవడానికి చలిదుస్తులూ ఉంచుకోవాలి.

గీతలు గీసింది మనుషులే

గాలీ కొండా ప్రకృతివి. గంటల్ని పెంచే మూడోది మాత్రం మనుషులు చేసినదే. అది సరిహద్దు. ఏ దేశం మీదుగా ఎగరాలన్నా ఆ దేశం ఒప్పుకోవాలి, రుసుమూ కట్టాలి. ఒప్పుకోకపోతే చుట్టూ తిరగాలి.

2019 ఫిబ్రవరిలో బాలాకోట్‌ దాడుల తరవాత పాకిస్తాన్‌ తన ఆకాశాన్ని మూసింది. పూర్తిగా తెరిచింది జులై 16న. ఆ మళ్లింపుల వల్ల ఒక్క ఎయిరిండియాకే జులై 2 నాటికి రూ.491 కోట్ల నష్టం వచ్చిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. 2025 ఏప్రిల్‌ 24న పహల్గాం ఘటన నేపథ్యంలో పాకిస్తాన్‌ మళ్లీ భారత విమానాలకు దారి మూసింది. భారత్‌ కూడా ఆ దేశపు విమానాలకు మూసింది. దాంతో ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే విమానాలు కొన్ని వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది.

2022లో ఉక్రెయిన్‌ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, యూరప్‌ విమానాలకు మూతపడింది. హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిది గంటల్లో వెళ్లే ఫిన్నెయిర్‌ విమానానికి పదమూడు గంటలు పట్టసాగింది. భారత విమానాలకు ఆ నిషేధం లేదు. అవి సైబీరియా మీదుగా వెళ్లగలిగాయి. అదే రెండు నగరాల మధ్య టికెట్‌ మీదున్న జెండానుబట్టి కూడా దూరం మారిందన్నమాట.

మధ్యలో ఎక్కడ దిగాలి?

ఇంత దూరం రెండే ఇంజిన్లతో ఎగరడానికి ఓ కట్టుబాటు ఉంది. ఒక ఇంజిను ఆగిపోయినా రెండోదానితో నిర్ణీత సమయంలోపు చేరగల విమానాశ్రయం దారి పొడవునా ఉండాలి. ఒకప్పుడు ఆ గడువు గంటే. 1985లో రెండు గంటలు, ఆ తరవాత మూడు గంటలయింది. ఇప్పుడు కొన్ని విమానాలకు అయిదు గంటలు కూడా దాటింది. సముద్రాలనూ ధ్రువాలనూ సూటిగా దాటగలుగుతున్నది ఆ వెసులుబాటు వల్లనే.

ఆ నిబంధన విలువేంటో 2023 జూన్‌ 6న తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానంలో ఇంజిను ఇబ్బంది తలెత్తడంతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దించారు. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. క్షేమంగా దిగారు కానీ అందరికీ సరిపడా హోటళ్లు లేని ఊరు, తెలియని భాష. తాత్కాలిక బసల్లో రాత్రి గడిపారు. మరో విమానం వెళ్లి తీసుకుపోతే జూన్‌ 8న గమ్యం చేరారు. పదహారు గంటల ప్రయాణం రెండు రోజులు దాటింది!

ఇంధనం సంగతీ తక్కువది కాదు. 777 ట్యాంకుల్లో 1,80,000 లీటర్లకు పైగా పడుతుంది. అంత బరువును మోయడానికే అందులో కొంత ఖర్చవుతుంది. దారి పెరిగితే ఇంధనం పెంచాలి. ఇంధనం పెంచితే సరకునో ప్రయాణికులనో తగ్గించాలి. కొన్ని మార్గాలు ఆర్భాటంగా మొదలై కొన్నాళ్లకే ఆగిపోవడానికి ఈ లెక్కలూ ఓ కారణం. హైదరాబాద్‌ నుంచి షికాగోకి 2021 జనవరిలో నేరుగా విమానం వచ్చినప్పుడు తెలుగువాళ్లు సంబరపడ్డారు. అది ఎక్కువకాలం నిలవలేదు.

గడప నుంచి గడపకు

అందుకే టికెట్‌ కొనేముందు కిలోమీటర్లు కాకుండా మొత్తం గంటలు చూసుకోవాలి. హైదరాబాద్‌ నుంచి దుబాయ్‌ సుమారు 2,500 కిలోమీటర్లు, అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 13,000. సూటి దూరం కన్నా రెండువేల కిలోమీటర్లు ఎక్కువే. ఆ రెండువేలకు అయ్యేది రెండు గంటలకు కాస్త పైన. అసలు భేదం మధ్యలో ఎంతసేపు కాచుకుంటామన్నదానిలో వస్తుంది. మూడు గంటలైతే ఊపిరి పీల్చుకోవచ్చు. పద్నాలుగు గంటలైతే విమానం వేగమంతా కుర్చీలో కూర్చునే పోతుంది. మరీ గంటన్నరే ఉంటే పెద్దవాళ్లకు పరుగే.

అన్ని ప్రయాణాలూ ఒకే టికెట్‌లో ఉంటే మంచిది. మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోయినా మరోదాంట్లో పంపే బాధ్యత సంస్థదే అవుతుంది. దిగే సమయం పక్కన ‘+1’, ‘+2’ అని ఉందేమో చూడాలి. అది రోజు మారిందన్న గుర్తు. విమానాశ్రయానికి వచ్చే చుట్టాలు పొరబడేది అక్కడే. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి కాలిఫోర్నియాతో తేడా పన్నెండున్నర గంటలే ఉంటుంది.

విమానం దిగినా శరీరం దిగదు. లోపలి గడియారం రోజుకు సుమారు గంట చొప్పునే సర్దుకుంటుంది. పగలు రాత్రిగా మారే ఇంత దూరానికి వారం పది రోజులు పడుతుంది. బీపీ, షుగర్‌ మందులు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో ముందే డాక్టర్ని అడిగి రాసిపెట్టుకోవాలి. గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

ఈ గంటలు ఇంకా తగ్గుతాయా? ఇప్పటి విమానాల వేగం యాభై ఏళ్ల కిందటి జెట్లకన్నా ఎక్కువేం కాదు. పెరిగింది ఆగకుండా ఎగరగల శక్తి. 1947లో సిడ్నీ నుంచి లండన్‌ చేరాలంటే మధ్యమధ్య ఆగుతూ నాలుగు రోజులు. 2019 నవంబరులో క్వాంటాస్‌ ప్రయోగాత్మకంగా లండన్‌ నుంచి సిడ్నీకి ఆగకుండా 19 గంటల 19 నిమిషాల్లో ఎగిరి చూపించింది. ఎక్కడా ఆగనిదే ఎక్కువ గంటలు మిగిల్చే మార్గం.

తెనాలి ఇంట్లో మాత్రం ఈ లెక్కలేవీ ఎవరికీ అక్కర్లేదు. బ్రాహ్మణుడు వచ్చి ‘ఎల్లుండి పదకొండు దాటాక పెట్టుకుందామా?’ అని అడిగాడు. తమ్ముడు ఫోన్‌లో చిన్న విమానం బొమ్మనే చూస్తున్నాడు. అది అప్పుడే మంచు సముద్రం దాటి కిందికి వాలుతోంది. ‘గాలి బాగున్నట్టుంది. అరగంట ముందే దిగుతుందట’ అన్నాడు. తల్లి తలెత్తింది. రెండురోజుల్లో ఆవిడ విన్న మంచిమాట అదొక్కటే.